గంపల బండి

పాత వ్యాన్‌ను కామారెడ్డి షోరూంలో వదిలేసినప్పుడు రాజలింగం కంట నీరు పెట్టలేదు. పెండ్లాం దేవవ్వను కాటికి పంపిన రోజే ఏడవని మనిషి, ఇనుము కోసం ఏడుస్తాడా? సంతకాలు చేశాడు. తాళం చెవి బల్ల మీద పెట్టాడు. బయటికి వచ్చి ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగాడు.

“పక్క తలుపు ఎత్తి ఎయ్యాలె,” అన్నాడు, కొత్త బండి అప్పగిస్తున్న సంపత్‌తో.

“గది ఇగ మా పంచాయితీ బాపూ. నువ్వు కొత్తదాన్ల కూసో.”

“మీకు తెల్వది. ఎత్తి ఎయ్యాలె.”

సంపత్ నవ్వాడు. ఊరికే నవ్వేవాళ్లంటే రాజలింగానికి గిట్టదు. మరో మాట లేకుండా కొత్త బండి ఎక్కి ఎల్లారెడ్డి దారి పట్టాడు.

ఆ పాత వ్యాన్‌ను ఎల్లారెడ్డిలో గంపల బండి అనేవారు. తెల్లవారక ముందే కూరగాయలమ్మే ముగ్గురు ఆడవాళ్లను, వాళ్ల గంపలను ఎక్కించుకుని కామారెడ్డి మార్కెట్‌కు చేర్చడం, పొద్దు వాలాక తిరిగి తీసుకురావడం రాజలింగం పని. వెనక సీట్లు పీకేసి ఒక చెక్క బల్ల వేశాడు. బల్ల మీద మనుషులు, కింద గంపలు, గంపల మీద వాళ్ల కాళ్లు. దారి పొడుగునా వాళ్ల నోళ్లు ఆగేవి కావు. ఇంజన్ మోతను మించి అరుచుకునేవారు. కోడళ్ల సంగతి, చిక్కుడు ధర సంగతి, ఎవరి ఇంట్లో పప్పు మాడిన సంగతి. రాజలింగం ముందు కూర్చుని విసుక్కునేవాడు. “నోర్లు మూసుకోండ్రి,” అనేవాడు. వాళ్లు మూసుకునేవారు కాదు.

దేవవ్వ పోయాక ఆయన చెవిన పడే మనిషి మాట అదొక్కటే. ఇంట్లో గోడలున్నాయి. ఊళ్లో చుట్టాలున్నారు గాని, దేవవ్వ చావుకు రాని వాళ్ల పేర్లు ఆయనకు కంఠతా వచ్చు. ఆ పేర్ల వాళ్లతో మాటల్లేవు. అట్లా తీసేస్తూ పోతే మిగిలింది ఆ ముగ్గురే.

పాత బండి ఎందుకు వదిలాడంటే, పోయిన వానాకాలంలో అది లింగంపేట దాటాక ఆగిపోయింది. ఆడవాళ్లు దిగి తోశారు. ముగ్గురిలో పెద్దది నాగవ్వ, తోస్తూ తోస్తూ జారి మోకాళ్ల మీద పడింది. ఆమె లేచి నవ్వి చీర దులుపుకుంది. రాజలింగం నవ్వలేదు. మనుషులనే క్షమించని వాడు బండిని క్షమిస్తాడా? ఆ బండి తనకు ప్రాణమే. అయినా ఆ రోజే దాని సంగతి తేల్చేసుకున్నాడు.

కొత్త బండి తెల్లగా, పొడుగ్గా, పెండ్లికొడుకు లాగా ఉంది. చక్రాల కింద తానే నిమ్మకాయలు పెట్టాడు, తానే కొబ్బరికాయ కొట్టాడు. హారతి పట్టే చెయ్యి ఇంట్లో లేదు, ఇంకొకరిని అడిగే నోరు ఆయనకు లేదు.

మరునాడు చీకటితోనే పోయి, ఆడవాళ్లు రోజూ ఎక్కే మూలమలుపు దగ్గర బండి ఆపాడు. ఎవరూ లేరు. చాలాసేపు చూశాడు. పాలు పోసేవాడు సైకిల్ ఆపి చెప్పాడు, ముగ్గురూ జీవన్ ట్రాలీ ఆటోలో ఎప్పుడో పోయారని.

ఎందుకని రాజలింగం అడగలేదు. బండి తిప్పి ఇంటికి తెచ్చి, వాకిట్లో ఆపి, అందులోనే కూర్చున్నాడు. పొద్దెక్కింది. అద్దాలు మూసి ఉన్న బండిలోకి పిట్ట కూత కూడా వినరాలేదు. వాళ్లు రాకపోతే ఈ బండి ఎందుకు, ఈ పొద్దు ఎట్లా గడుస్తుంది అన్న భయం అప్పుడు పట్టుకుంది. ఆ పేర్ల వరసలో ఇంకో మూడు పేర్లు చేర్చేద్దామా అనుకున్నాడు. చేర్చితే ఇక ఎవరూ మిగలరు. మొదటిసారి ఆయన లెక్క ఆయనకే మింగుడు పడలేదు.

ఆ మర్నాడు ఇంకా ముందే పోయి ట్రాలీ ఆటోకు అడ్డంగా బండి పెట్టాడు.

“తొవ్వకు అడ్డం పెట్టినవేంది కాకా?” అన్నాడు జీవన్.

జీవన్ పేరు కూడా ఆ వరసలో ఉంది. రాజలింగం వాడి వైపు చూడకుండా గంపల దగ్గరికి నడిచాడు.

“ఎక్కుండ్రి.”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చంద్రవ్వ మెల్లగా, “మా గంపలు పచ్చిగున్నయన్నా,” అంది.

“ఉంటే?”

“మట్టి కాళ్లు, కారే గంపలు,” అంది నాగవ్వ. ఆయనను పేరు పెట్టి పిలిచే ధైర్యం ఆమెకే ఉంది. “నీ బండేమో నిన్నగాక మొన్న వచ్చింది. మేమెక్కి ఖరాబు చేస్తే నువ్వు మరుస్తవా లింగం? చచ్చేదాక యాది పెట్టుకుంటవు. బండికి మరక పడుడు గాదు, మాకు పడుతది మరక.”

రాజలింగం వంగాడు. నాగవ్వ గంప ఎత్తి తన బండిలో పెట్టాడు. అడుగు నుంచి నీళ్లు కారి కొత్త మ్యాట్ మీద పడ్డాయి. తుడవలేదు. రెండో గంప కూడా ఎత్తాడు.

“ఇగ ఎక్కాల్సిందే తీ,” అంది భూదవ్వ. ఆమెది దేవవ్వ పుట్టినూరు. అందుకని ఆయనను బావా అంటుంది. “గంపలు పోయినంక మనమీడ ఏం జేస్తం?”

బండి కదిలింది. లోపల ఒక్క మాట లేదు. ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టుకుని, వీపు సీటుకు ఆనించకుండా, పెద్ద డాక్టరు గది బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. సీటు మీది ప్లాస్టిక్ కవరు మాత్రం కరకరలాడుతోంది. లింగంపేట దాటింది, తాడ్వాయి దాటింది. ఏదైనా అందామని రాజలింగం రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మాట మొదలుపెట్టడం ఆయనకు రాదు. మొదలైన మాటకు అడ్డం తగలడమే వచ్చు. పాత బండిని ఇచ్చి ఈ మూగదాన్ని తెచ్చుకున్నానని మనసులో తిట్టుకున్నాడు.

మార్కెట్ ముందు బండి ఆగింది. నాగవ్వ కాలు కింద పెట్టి వెంటనే పైకి లాక్కుంది.

“ఏమైందే?” అంది చంద్రవ్వ.

“చెప్పులేవి?”

సీట్ల కింద వెతికారు. గంపల వెనక వెతికారు. ముగ్గురివీ లేవు. చంద్రవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆడనే ఇడిసినమే. ఇంట్లకు పోయినట్టు ఇడిసి ఎక్కినం.”

రాజలింగానికి దారంతా ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారే నోటికి వచ్చాయి. తలుపు తీసుకుని దిగాడు.

“మతి ఉన్నదా మీకు? ఇది గుడా? మజీదా? ఇంతింత వయసొచ్చింది, బండి ఎక్కుతందుకు చెప్పులిడిసుడేంది? ఎవడన్న ఇంటే నవ్వడా? పల్లెటూరోళ్లు, పల్లెటూరోళ్లు అనరా?”

అంటూ రెండడుగులు వేశాడో లేదో, అరికాల్లో చురుక్కుమంది. రాత్రి ఎవరో పారబోసిన పుచ్చు వంకాయలు రోడ్డంతా తొక్కుడు పడి ఉన్నాయి. ఒక ముచ్చిక ముల్లు నిలువునా దిగింది. ఆయన బండి పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు.

ముగ్గురూ ఆయన పాదాలకేసి చూశారు. రెండూ వట్టివే. గంపలెత్తి స్టీరింగ్ ముందుకు వచ్చేటప్పుడు చెప్పులు ఎప్పుడు విడిచాడో ఆయనకే తెలియదు.

“బావా,” అంది భూదవ్వ, “పూజారి గూడ చెప్పులిడిసిండు గదా. మమ్ములంటవేంది?”

నాగవ్వ చిక్కుడుకాయల గంప అంచున కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. చంద్రవ్వ కొంగుకున్న పిన్నీసు తీసి, “కాలియ్యన్నా, కదలకు,” అని ముల్లు లాగింది. ఊరికే నవ్వేవాళ్లంటే గిట్టని రాజలింగం, పిన్నీసుకు కాలప్పగించి, పెదాలు బిగబట్టి, బిగబట్టలేక, ముక్కుతో నవ్వాడు.

ఆ రోజు వాళ్లు గోనె పట్టా మీద నిలబడి బేరాలు చేశారు. కుంటుకుంటూ చాయ్ కొట్టు దాకా పోలేక రాజలింగం కూడా అక్కడే కూర్చున్నాడు. పాలకూర కట్టలు అందించాడు. కొసరు అడిగిన ఒక పంతులును కసురుకున్నాడు. నాగవ్వ ఆయనను కసురుకుని పంతులుకు ఇంకో రెండు కాయలు వేసింది.

పొద్దు వాలాక ఖాళీ గంపలు ఎక్కాయి. బురద పాదాలు ఎక్కాయి. ఎవరూ తుడుచుకోలేదు, ఎవరూ తుడుచుకోమనలేదు. ఏసీ చల్లగాలికి చెవి పోటు వస్తుందని, అది ఆపి అద్దం దించమంది నాగవ్వ. దించాడు.

“ఈ కవర్ల మీద చెమటలు పోస్తున్నయి బావా, చింపాల్నా?” అంది భూదవ్వ.

“చింపు.”

ఆమె సర్రున చింపింది. కామారెడ్డి దాటేసరికి చంద్రవ్వ కోడలు మామిడి తొక్కులో ఉప్పు రెండుసార్లు వేసిన కథ మొదలైంది. కథ మధ్యలో భూదవ్వ దూరింది, ఆ కోడలిని వెనకేసుకొచ్చింది. ఇద్దరికీ మాటకు మాట పెరిగింది. వెనక నుంచి ఎవరి కాలో గంప మీదుగా వచ్చి రాజలింగం సీటును తన్నింది. తాడ్వాయి వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది. రాజలింగం ఎందుకో బండి వేగం పెంచలేదు. పొలాల మీది గాలి, వాళ్ల అరుపులు కలిసి బండి నిండా తిరుగుతున్నాయి.

“ఎంతైనా పాతదే నయముండె లింగం,” అంది నాగవ్వ. “కాళ్లు బార్లచాపి కూసునేటోళ్లం. ఇదేంది, అగ్గిపెట్టెల ఇరికిచ్చినట్టున్నది.”

“అయితే దిగు.”

“ఎట్ల దిగుమంటవు? కాళ్లకు చెప్పుల్లేవు.”