ఖాళీ పెట్టె జారిన వాలు

మా మేస్త్రిని చాటుగా అందరం ఉడుమనే అంటాం. నోరు తెరిస్తే పట్టు గురించి తప్ప మాట్లాడడు. "బరువుంటే పట్టుంటుందిరా" అన్న ముక్క వాడి నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. ఆ ముక్కకే మా అన్నయ్య కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. వాడి మీద నాకున్న కసి ఇంతా అంతా కాదు. ముద్ద నోట్లో పెట్టుకోబోతే వాడి మొహమే కనపడేది.

మా పని బరువులు దించడం. లారీ మీద నుంచి నేలకి పలక వాల్చి, ఇనప సామాను నింపిన చెక్కపెట్టెల్ని దాని మీదుగా కిందికి జారుస్తాం. ముందు ఒక ఖాళీ పెట్టెను పలక మీద పెట్టి చూస్తాం. అది దానంతట అదే జారిందంటే వాలు ఎక్కువైందని లెక్క. అప్పుడు పొడుగు పలక తెచ్చి వాలు తగ్గించాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పలక వేసినవాడే పెట్టెకి కింది వైపు నిలబడాలి. తన ప్రాణం మీదికొస్తుందంటే ఎవడూ పలకను ఇష్టం వచ్చినట్టు వెయ్యడు కదా.

ఆ రోజు ఖాళీ పెట్టె జర్రున జారింది. పొడుగు పలక గోదాం వెనకాల ఉంది. దాన్ని తెప్పించడానికి ఉడుముకి ఒళ్లు వంగలేదు. "ఖాళీది గనక జారింది. నిండితే అదే పట్టుకుంటుంది" అన్నాడు. పెట్టె జారకుండా పలక మీద అడ్డుచెక్క కూడా పెట్టనివ్వలేదు. పలక వేసింది తను, కింద నిలబెట్టింది మా అన్నయ్యని. నేను లారీ మీదే ఉన్నాను, చెవులారా విన్నాను. తీరా నిండు పెట్టె జారి అన్నయ్య కాలు నుజ్జయ్యాక ఓనరు దగ్గరికెళ్లి, అడ్డుచెక్కను అన్నయ్యే కాలితో తన్నేశాడని చెప్పాడు. సొంత తమ్ముణ్ణి గనక నా మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. మిగతావాళ్లు నోళ్లు కుట్టేసుకున్నారు.

కొన్నాళ్లకి అన్నయ్యే మంచం మీద నుంచి "నిజంగా నేనే తన్నానేమోరా, సరిగ్గా గుర్తు రావట్లేదు" అనడం మొదలుపెట్టాడు. లేని చెక్కను ఎలా తన్నాడు? కాలు తీసుకున్నది చాలక మనిషి మతి కూడా తీసుకుంటున్నాడు కదా వెధవ అని నాకు ఒళ్లు మండిపోయింది.

వదిన దగ్గర పెద్ద పళ్లెం, ఒకే రకం రేకుడబ్బాలు రెండు అడిగి తెచ్చాను. ఒకదాంట్లో నిండా మేకులు పోశాను, రెండోది ఖాళీగా ఉంచాను. రెండింటినీ పక్కపక్కనే పెట్టి పళ్లెం అంచు మెల్లగా పైకెత్తాను. రెండూ ఒకేసారి కదిలాయి. మళ్లీ ఎత్తినా అంతే.

"బరువు పెరిగితే పట్టు పెరిగే మాట నిజమే అన్నయ్యా. కిందికి లాగేది కూడా అంతే పెరుగుతుంది కదా. అందుకే ఖాళీది జారిన వాలులో నిండుదీ జారుతుంది" అన్నాను.

అన్నయ్య పళ్లెం తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలా ఎత్తుతూ దించుతూ ఉండిపోయాడు. "ఇది వాడి మొహాన చెప్పరా" అన్నాడు చివరికి. చెప్పడమెందుకు, చూపిస్తాననుకున్నాను.

ఓనరు దగ్గరుండి సరుకు దింపించే రోజు కోసం కాచుకున్నాను. ఆ పొద్దున అన్నయ్యను బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టాను. ఉడుము ఎప్పట్లాగే దగ్గర్లో ఉన్న పొట్టి పలకే వేశాడు. ఖాళీ పెట్టె పెడితే జారింది.

"పొడుగు పలక తెమ్మంటారా మేస్త్రీ?" అన్నాను, ఓనరుకి వినపడేలా.

"ఎన్నిసార్లు చెప్పాలిరా? నిండితే అదే పట్టుకుంటుంది."

"అయితే అడ్డుచెక్క అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మరి మా అన్నయ్య చెక్క తన్నేసినా ఆ రోజు పెట్టె కదలకూడదు కదండీ."

ఓనరు తలతిప్పి ఉడుము వైపు చూశాడు. ఉడుము మొహం మాడిపోయింది. "కదలదు, కావాలంటే నేనే నిలబడతా" అని పంతానికి పోయి పలక కిందికెళ్లాడు. వాడికి అటు గోడ, ఇటు ఇంకో లారీ, వెనకాల దించేసిన పెట్టెలు.

అన్నయ్యకు అలా అయ్యాక మాకు తాడు తప్పనిసరి చేశారు. నిండు పెట్టెకు కట్టిన తాడును లారీ కమ్మీకి మూడు చుట్లు తిప్పి కొస నేను పట్టుకున్నాను. ఆ చుట్ల రాపిడి ఉంటే ఎంత బరువునైనా ఒక్కడు ఆపగలడు.

"బరువే పట్టుకునేటప్పుడు తాడెందుకు మేస్త్రీ? వదులు చేస్తున్నా" అన్నాను.

జానెడు వదిలాను. పెట్టె జానెడు దిగింది. ఇంకో జానెడు వదిలాను. ఉడుము రెండు చేతులూ పెట్టెకి ఆనించి వెనక్కి వంగిపోయాడు. వాడి మోకాళ్లు గడగడలాడుతున్నాయి. అది చూస్తుంటే కడుపు నిండినట్టుంది నాకు.

"ఆపరా. ఆ రోజు చెక్క పెట్టలేదు. నేనే వద్దన్నాను."

"సరిగ్గా వినపడలేదు మేస్త్రీ" అని మరో జానెడు వదిలాను.

"వాడు తన్నలేదయ్యా, అసలక్కడ చెక్కే లేదు" అని ఏడుపు గొంతుతో ఓనరుకి చెప్పాడు.

ఓనరు నన్ను ఆపమని అరుస్తున్నాడు. నాకు ఆపాలని లేదు. తాడు అరచేతుల్లో కాలుతూ జారుతోంది. పెట్టె వాడి ఛాతీకి తగిలింది. అప్పుడు గేటు దగ్గర నుంచి అన్నయ్య గొంతు వినపడింది.

"చాల్లేరా. కట్టెయ్."

కట్టేశాను. ఉడుమును అందరూ కలిసి బయటికి లాగారు. ఓనరు వాణ్ణి ఆ పూటే పన్లోంచి తీసేశాడు, నన్నూ తీసేశాడు. పోతే పోయింది.

ఇంటికొచ్చాక వదిన నా అరచేతుల బొబ్బలకి మందు రాస్తూ తిట్టిపోస్తోంది. అన్నయ్య మంచం మీద నుంచి నా చేతుల వంకే చూస్తున్నాడు.

"నేను చాలు అనకపోతే వదిలేసేవాడివా?" అన్నాడు.

"వదిలేసేవాణ్ణి."

"తెలుసు" అన్నాడు. "ముందే అనాల్సింది. వాడి కాళ్లు వణుకుతుంటే చూడబుద్ధేసింది" అన్నాడు.