జ్ఞానరాజు పాదాలకు పారాణి

బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్లు మొదలుకాకముందే జ్ఞానరాజు వచ్చి గంబూట్లు తొడుక్కుంటాడు. మిగతావాళ్లు కాళ్లకు బురద తగలకుండా వేసుకుంటారు, అతను బండలు పాడుకాకుండా వేసుకుంటాడు. అతని అరికాళ్ల చెమట యాసిడ్. పుట్టినప్పటి నుంచీ అంతే. ఉత్తకాలితో సున్నపురాతి బండ మీద నిలబడితే బుస్సుమని నురగ లేచి గుంట పడుతుంది. కొందరికి ఎడమచేతి వాటం, కొందరికి గురక. ఊళ్లో దీన్నీ ఆ లెక్కలోనే వేసుకున్నారు.

ఇటు కర్నూలు, అటు కడప, ఎవరింట్లో కాలు పెట్టినా ఈ బండే. అందుకని చుట్టాల గడప దాటడు. చర్చిలోనూ అంతే. చెప్పులు బయట విడవాలి. మేజోళ్లు వేసుకుంటే మొదటి పాటకే చిల్లులు. ప్రతి ఆదివారం మెట్ల పక్కన మట్టిలో నిలబడి ప్రసంగం వింటాడు. బాగానే వినిపిస్తుంది, మైకు మంచిది.

కూతురి పెళ్లి కుదిరినాక చిక్కొచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని పెళ్లికూతురు లోపలికి నడవాలి.

"మీ దాసన్న మామ లోపలికి పిల్చుకపోతాడులేమ్మా," అన్నాడు జ్ఞానరాజు.

"నువ్వు రాకుంటే నేనూ మెట్లకాడనే నిలబడతా," అంది జీవిత. "పెండ్లికొడుకే బయటికొస్తాడు."

పంతం పట్టిందంటే పట్టిందే. జ్ఞానరాజుకు అన్నం సయించలేదు.

పెళ్లినాడు పొద్దున అతని చెల్లెలు రత్నమణి పసుపులో సున్నం కలిపి పెళ్లికూతురికి పారాణి పెట్టింది. గిన్నెలో ఇంకా మిగిలింది. ఇంటి ముందు మట్టిలో స్టూలేసుకుని అన్న దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఏందన్నా, అత్తగారింటికి పోయేది నువ్వా, నీ కూతురా? చాపు కాళ్లు!"

"ముసలోనికి పారాణేందే, నవ్వుతారు."

"నవ్వనీలే."

పూసింది. చూస్తుండగానే ఎరుపు పోయి పసుపు మిగిలింది. అరికాళ్లు వెచ్చబడ్డాయి.

"ఓయమ్మా, నా ఎరుపంతా మింగేస్తివి గదన్నా!"

సున్నం చాలలేదనుకుని ఇంకాస్త కలిపి పూసింది. మళ్లీ పసుపే. రత్నమణి మొండిది, సున్నం డబ్బా మొత్తం తెచ్చింది. చెమటలోని పులుపు సున్నాన్ని తింటుంది, సున్నం పులుపును తింటుంది. సరిసమానంగా కలిస్తే మిగిలేది ఇంత ఉప్పు, ఇన్ని నీళ్లు. కాలేజీ లాబొరేటరీలో బ్యూరెట్ పట్టిన వాళ్లందరూ చూసిందే, పరీక్ష కాగానే మరిచిందే. చివరికి ఎరుపు నిలిచింది.

జ్ఞానరాజు భయంభయంగా వాకిట్లో బండ మీద కాలు మోపాడు. బుస్సుమనలేదు. రెండో కాలూ మోపాడు.

"ఇంగ పదప్పా, పెండ్లికి టైమయితాండాది," అంది రత్నమణి కళ్లు తుడుచుకుంటూ.

చర్చిలో జీవిత అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదటి అడుగుకే అతను ఆగిపోయాడు.

"ఏం నాయనా, కాలుతాండాదా?"

"లేదమ్మా. సల్లగుండాది."

ఇన్నేళ్లు పాలిష్ పట్టాడు గానీ, బండ ఇంత చల్లగా ఉంటుందని అతనికి తెలియదు. ఒక్కొక్క అడుగే నిదానంగా వేశాడు. వెనకాల బండల మీద లేత ఎర్రటి పాదాల గుర్తులే పడ్డాయి, గుంట ఒక్కటీ లేదు.

"ఈ కన్యకను ఇచ్చువారెవరు?" అని అడిగారు అయ్యగారు.

"నేనే అయ్యా!" అన్నాడు జ్ఞానరాజు. మైకు లేకుండానే మెట్లకాడి దాకా వినిపించింది.