ఎర్రబల్బు వెలుగుతున్నంతసేపూ

చావులు చదవడం నా ఉద్యోగం. ప్రచురణకర్త పంపిన నవలను ఇంట్లోనే గొంతు మార్చి మార్చి చదివి, రికార్డు చేసి పంపిస్తాను. జనం చెవుల్లో పెట్టుకుని వింటారు. మంచి దయ్యం కథయితే నాకూ ఇష్టమే. కానీ ఈసారి తగిలిన రచయితగారికి భయపెట్టడం చేతకాదు, నరకడం ఒక్కటే వచ్చు. చచ్చేవాడికి అమ్మ ఉందో లేదో చెప్పే ఓపిక లేదు గానీ, పేగులు ఎటు జారాయో పేజీన్నర రాస్తాడు. మొదటి హత్య చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. సగం పుస్తకం దాటేసరికి హత్య మధ్యలో ఆవలింత వచ్చింది. ఆ ఆవలింతకే ఒళ్ళు మండిపోయింది.

నా స్టూడియో అంటే వంటింటి పక్కనున్న సామాన్ల గది. కిటికీ లేదు. గొంతు మార్మోగకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశాను. తలుపు సరిగ్గా పడదు, మధ్యలో కిర్రుమంటూ తెరుచుకుంటుంది. అందుకని నేను లోపలికి వెళ్ళగానే మా అత్తగారు బయట గడియ పెట్టి, తలుపు పైనున్న ఎర్రబల్బు వేస్తుంది. టీ వేళకు ఆవిడే వచ్చి తీస్తుంది. ఆ బల్బు వెలుగుతున్నంతసేపూ ఏం వినబడినా తలుపు తీయకూడదు. ఈ చట్టం నాదే. మొదట్లో ఒకసారి నా కేక విని ఆవిడ చీపురు పట్టుకుని లోపలికి దూసుకొచ్చింది. చదివిందంతా పాడైందని ఇంతెత్తున లేచాను. పాపం, అప్పటినుంచీ ఆవిడ నా మాట జవదాటలేదు.

ఆ మధ్యాహ్నం, నేలమాళిగలో బంధించిన అమ్మాయి వంతు. కొత్తరకం దీపాలు సన్నగా గీపెడతాయని నేను పాతకాలపు వేడి బల్బే వాడతాను. పేజీ తిప్పుతుంటే మోచేయి తగిలి ఆ దీపం వెనక్కి ఒరిగింది. చదివేది ఆపబుద్ధి కాక పట్టించుకోలేదు. కథలో అమ్మాయి వేళ్ళు ఒక్కొక్కటే తెగుతున్నాయి. కమురు వాసన వచ్చి తిరిగి చూస్తే, దీపం ఆనుకున్న చోట బొంత పొగలు కక్కుతోంది.

దీపం ప్లగ్గు పీకేశాను. గొంతు తడుపుకోవడానికి పెట్టుకున్న గ్లాసుడు నీళ్ళూ కుమ్మరించాను. మంట పైకి లేవలేదు గానీ లోపల దూది రాజుకుంటూనే ఉంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మోగుతుందని ఫోను ఎప్పుడూ బయటే పెట్టి వస్తాను. తలుపు బాదాను.

"తలుపు తీయండి! చచ్చిపోతున్నాను! అత్తయ్యా, కాపాడండి!"

నేలమాళిగ అమ్మాయి కూడా అచ్చం ఇలాగే బాదింది. పుస్తకంలో కిందటివారం చచ్చింది ఒక కోడలు, అదీ 'అత్తయ్యా' అనే అరిచింది. ఇది చదవడం కాదు, నిజం అని గొంతు చించుకుందామంటే దగ్గు తెరలు ముంచుకొచ్చాయి. గాలి కోసం కింద పడుకుని, వైర్లు వచ్చే సందు దగ్గర మొహం పెట్టాను. అవతల మా అత్తగారు బఠాణీలు ఒలుస్తూ, కిటికీలోంచి పక్కింటావిడతో మాట్లాడుతోంది.

"కంగారుపడకండి, మా కోడలు పనిలో ఉంది. ఇవాళ మరీ ప్రాణం పెట్టి చదువుతోంది పాపం. టీలో ఇంత అల్లం వేసివ్వాలి."

అప్పుడు వేసింది నాకు భయం. అంతకుముందు పడింది ఉత్త కంగారు. నన్ను ప్రేమించే మనిషి, నాకు ఇవ్వాల్సిన టీ గురించి ఆలోచిస్తూ, నా చావు వింటోంది. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చదువుతున్నాననుకుంటుంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ పుస్తకంలో లేని మాట ఒక్కటి కావాలి. వాళ్ళందరూ అరుస్తారు, ఏడుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు. ఇంటి సంగతి మాట్లాడిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, రోజూ సణిగే గొంతుతోనే అన్నాను.

"అత్తయ్యా, స్టవ్ మీద పాలు పెట్టి మళ్ళీ మర్చిపోయినట్టున్నారు. మాడు వాసనొస్తోంది."

బఠాణీల గిన్నె ఠంగుమని నేలమీద పడింది.

"నేనా? నేనెప్పుడు మర్చిపోయానమ్మాయ్? పోయిన నెల గిన్నె మాడ్చింది నువ్వు!"

అడుగులు వంటింటివైపు వెళ్ళాయి. నాకు దూరంగా వెళ్ళాయి. మళ్ళీ పిలవడానికి నాలో ఊపిరి లేదు. ఇక ఆవిడ రాదనుకున్నాను.

"స్టవ్ కట్టేసే ఉంది! కావాలంటే నువ్వే వచ్చి చూసుకో. ఊరికే ముసలిదాని మీద..." అంటూ పోట్లాటకు వస్తున్న గొంతు తలుపు దగ్గర టక్కున ఆగింది. ఆ వెంటనే గడియ చప్పుడైంది.

బొంత మీద నాలుగు బకెట్లు గుమ్మరించాక ఆవిడ నా పక్కన కూలబడింది.

"విన్నానే. మొదటినుంచీ అంతా విన్నాను" అంది. పిడికిట్లో బఠాణీ కాయ ఇంకా అలాగే ఉంది.

రికార్డరు ఆగలేదు. అక్కడిదాకా చదివినదాన్ని ఏమీ తీసేయకుండా, ఏమీ చెప్పకుండా పంపించాను. ప్రచురణకర్త ఫోను చేశాడు.

"వేళ్ళ సీను అదిరింది మేడమ్. ఆ తలుపు బాదే అరుపు మాత్రం పండలేదు, మళ్ళీ చదవండి. అన్నట్టు, చివర్లో పాల గురించి ఏదో అన్నారు, పుస్తకంలో లేదే? ఎందుకో గానీ అక్కడ ఒళ్ళు జలదరించింది."

"మిగతాది ఇంకెవరితోనైనా చదివించుకోండి" అని పెట్టేశాను.

మా అత్తగారు పక్కనే నిలబడి వింటోంది. "ఇంతకీ ఆ నేలమాళిగ పిల్ల ఏమైంది?" అని అడిగింది.

"చచ్చిపోయింది."

"ఎవరూ రాలేదా?"

"ఆ పుస్తకంలో తలుపు తీసే మనిషే లేదత్తయ్యా."

ఆవిడ వెళ్ళి డ్రాయరులోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, సామాన్ల గది గడియ ఊడదీయడం మొదలుపెట్టింది. తలుపు ఊగుతుంటే మర మీద అది నిలవడం లేదు. నేను వెళ్ళి తలుపు కదలకుండా పట్టుకున్నాను.