నలభై రెండో జాగ్రత్త

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి చక్రాలు తగిలించి ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికిచ్చి చూడు అని మాత్రం అనలేదు. అని ఉంటే మన వడ్రంగి ఆ పనికి ఒడిగట్టేవాడు కాదు. ఉదయం తొమ్మిదింటికి తాళంచెవి ఇచ్చి పంపాడా, పదయ్యేసరికి కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరగడం మొదలుపెట్టాడు.

ఆ బండి ఒకప్పుడు బేకరీ వ్యాను. తుక్కు కింద పోతుంటే కొని, మూడేళ్ల ఆదివారాలు దానికే ధారపోశాడు. రెండు పడకలు, మడిస్తే గోడలో కలిసిపోయే బల్ల, గిన్నెలు కడుక్కునే తొట్టి, చలికాలానికి గ్యాసుతో నడిచే చిన్న హీటరు, టేకు చట్రాలతో రెండు కిటికీలు. ఎక్కడా ఒక్క మేకు తల బయటికి కనిపించదు. ఎండ గట్టిగా కాస్తే ఇప్పటికీ లోపల బన్నుల వాసన వస్తుంది. ఇంట్లో దాన్ని ఇంటిబండి అంటారు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఏడాదికి పదిరోజులు అందులో ఊళ్లు తిరిగొస్తారు, మిగతా రోజులన్నీ అది టార్పాలిన్ కప్పుకుని పెరట్లో కూర్చుంటుంది.

అద్దెకిద్దామన్నది భార్యే. ఆవిడ ముందుగదిలో మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది. వాడని కత్తెరకు తుప్పు పడుతుంది, బండైనా అంతే అని ఆవిడ మాట. వద్దన్నది ఆవిడ తమ్ముడు. అతను టైల్స్ కొట్టుకు చిన్న ట్రక్కు నడుపుతాడు. నిదానమే ప్రధానం అని రోజుకు పదిసార్లు అంటాడు, అన్నట్టే నడుపుతాడు కూడా, అందుకని అందరూ అతన్ని నిదానం అనే పిలుస్తారు. ఎవరో ఒకాయన బండి అద్దెకు తీసుకెళ్లి రంగు మార్చి అమ్మేశారనీ, ఇంకొకాయన బండిలో పొయ్యి వెలిగించి పరుపు తగలబెట్టారనీ, అద్దె బండంటే బీమావాళ్లు మొహం చాటేస్తారనీ నిదానం వారంరోజులు బావగారి చెవిలో పోశాడు. ఇవన్నీ విని వడ్రంగి మానుకోలేదు, అలాగని ధైర్యమూ తెచ్చుకోలేదు. కూర్చుని జాగ్రత్తల జాబితా రాశాడు.

రాశాడంటే అలా ఇలా కాదు. నలభై ఒకటి. ఒకటి, చెప్పులతో లోపలికి రాకూడదు. తొమ్మిది, వేడి గిన్నె నేరుగా బల్లమీద పెట్టకూడదు. పదిహేడు, వాన పడుతుంటే కిటికీలు తీయకూడదు, చెక్క ఉబ్బుతుంది. ఇరవై ఆరు, పడకమీద ఎగరకూడదు. ఇలా సాగి సాగి చివరిది, అనుమానం వస్తే ఏదీ ముట్టుకోకుండా ఫోన్ చేయాలి. దాన్ని అట్టమీద అంటించి, పైన ప్లాస్టిక్ కాగితం వేయించి, తలుపు లోపలివైపు బిగించాడు. నాలుగు మరలతో.

మొదటి బేరం ఒక బడి టీచరమ్మ. వెంట తల్లి, నాలుగేళ్ల కూతురు. కొండల అవతల సరస్సు ఒడ్డున రెండురోజులు గడిపి వస్తామన్నారు. వడ్రంగి జాబితా రెండుసార్లు చదివి వినిపించాడు. టీచరమ్మ పరీక్షకు కూర్చున్న పిల్లలా విని, అడక్కుండానే సగం అప్పజెప్పింది. పాప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పెద్దావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకునే బండెక్కింది. ఇంత బుద్ధిమంతులు దొరికితే ఎవడైనా సంతోషిస్తాడు. మనవాడికి అదీ అనుమానమే. మరీ ఇంత వినయం ఏమిటి, ఏదో ఉంది అన్నాడు వాళ్లు మలుపు తిరగ్గానే.

డ్రైవరు సీటు కింద బండి ఎక్కడుందో చూపించే పరికరం ఒకటి ముందే దాచాడు. ఫోనులో నీలంచుక్క కదులుతూ ఉంటుంది. ఆ చుక్కనే చూస్తూ భార్య దగ్గరికి వచ్చి వార్తలు చదివాడు. చుక్క ఆగింది. ఎందుకాగింది? పాపకు ఒంటికొచ్చి ఉంటుందని ఆవిడ మిషన్ తొక్కుతూనే చెప్పింది. చుక్క తొందరగా పోతోంది. చుక్క మళ్లీ ఆగింది, ఇక్కడ ఇరుకు సందులు తప్ప ఏమీ లేవు, ఎవరైనా వచ్చి గీకేస్తే? మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కూడా చుక్కనే చూశాడు. అలా ఆగుతూ సాగుతూ ఒకటిన్నరకు కొండదారి దిగి సరస్సు దగ్గర పడ్డాక చుక్క కాస్తా మాయమైంది. అక్కడ సిగ్నల్ ఉండదు. ఆ సంగతి తెలిసిందే అయినా అతను ఫోను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. పైగా ఆ వైపు వాన, విపరీతమైన చలి అని ఫోను చెప్పింది. కిటికీలు మూశారో లేదో అని పట్టుకున్నాడు.

అదే మాట ఆరోసారి వినేసరికి భార్యకు తల తిరిగింది. పెదవుల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి పక్కన గుచ్చి, అతన్ని స్టూలు మీద కూలేసింది. కళ్లు మూసుకుని, బండి ఆపిన దగ్గర్నుంచి తను ఏమేం చేస్తాడో వరసగా చెప్పమంది. అవన్నీ జాబితాలో ఉన్నాయని అతనికే తెలిస్తే మనసు కుదుటపడుతుందని ఆవిడ ఆలోచన. అతను కళ్లు మూసుకున్నాడు. ఇంజను ఆపాను, బ్రేకు లాగాను, దిగాను, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టాను, బండి వెనక్కి వెళ్లాను. అక్కడ నోరు ఆగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. కుడిచెయ్యి గాలిలో మూడుసార్లు ఎడమకు తిరిగి, తిన్నగా చొక్కా జేబులోకి పోయింది.

"ఏంటండీ అది? ఏం తిప్పారు?" అందావిడ.

అతను కళ్లు తెరిచి తన చేతినే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. మరుక్షణం స్టూలు తన్నేసి లేచాడు.

హీటరు పొగ బయటికి పోవడానికి బండి వెనకగోడలోంచి ఒక గొట్టం ఉంది. ప్రయాణంలో దుమ్మూ బురదా దూరకుండా దానికి పాత స్టీలు డబ్బా మూతను తిప్పి బిగించేలా అమర్చుకున్నాడు. బండి ఆగగానే ఆ మూత విప్పి జేబులో వేసుకోవడం, బయల్దేరేముందు బిగించడం. నాలుగేళ్లుగా ఆ పని చెయ్యి దానంతటదే చేసేస్తోంది. దానికో పేరు లేదు, ఎవరికీ ఒక్కసారైనా చెప్పలేదు, పక్కన ఉన్న భార్యకే తెలియదు. ఆ మూత ఉండగా హీటరు వెలిగిస్తే మండిన గ్యాసు లోపలికే తిరిగొస్తుంది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. తల బరువెక్కుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఆ నిద్రలోంచి మనిషి లేవడు. ఏ కిటికీ సందో ఉంటే బతికి బయటపడొచ్చు. కిటికీలు తీయొద్దని పదిహేడో నంబరు వేసి రాసింది ఎవరు? ఈ మహానుభావుడే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడిందంటారే, ఆ బల్లికి నయం. పడితే తనొక్కతే పడింది.

టీచరమ్మ ఫోను పలకలేదు. సరస్సు దగ్గర టిక్కెట్లిచ్చే గదికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. భార్య కబురు పెడితే నిదానం ట్రక్కుతో సహా వచ్చాడు, అందులో టైల్స్ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, దించే తీరిక లేదు. రెండున్నర గంటల దారి. అయిదున్నరకు వెలుగు తగ్గుతుంది, చలికి తలుపులు బిడాయించుకుని పాపను పడుకోబెడతారు. జన్మలో నలభై దాటించని నిదానం ఆ రోజు ట్రక్కును ఎంత తోలాడో తర్వాత ఎవరు అడిగినా చెప్పలేదు. వెనక టైల్స్ పటపటమని పగులుతుంటే ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

దారిపొడుగునా వడ్రంగి టీచరమ్మ నంబరే నొక్కుతూ పోయాడు. లోపల మనసూ ఊరుకోలేదు. పెద్దావిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కడం పదేపదే కళ్లముందుకొచ్చింది. ఉదయం నుంచి తను భయపడింది గీతలకి, మరకలకి, పరుపుకి. ఒక్క క్షణమైనా ఆ ముగ్గురికోసం భయపడలేదు. ఇంకా సిగ్గులేని ఆలోచన ఒకటి వచ్చింది. జరగరానిది జరిగితే, వాళ్లకే వాడటం చేతకాలేదని ఊరు అనుకుంటుంది, మూత సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన తనకే వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వాళ్లు చేరేసరికి సన్నగా వాన. ఇంకా వెలుగుంది. ఒడ్డున ఇంటిబండి ఒక్కటే ఉంది, చక్రాల కింద చెక్కముక్కలు బుద్ధిగా పెట్టి ఉన్నాయి. ట్రక్కు చప్పుడు విని టీచరమ్మ గొడుగేసుకుని దిగింది. అతన్ని చూడగానే దొంగతనం చేస్తూ దొరికినట్టు తడబడింది.

"మేస్త్రిగారూ, మీరింత దూరం వస్తారనుకోలేదు. పదిహేడో నంబరు తప్పామండీ. అమ్మ తల దిమ్ముగా ఉందంటే కిటికీ కాస్త తీశాం. చెక్క తడవకూడదని శాలువా అడ్డం పెట్టాం."

అతను ఆగలేదు. బండి వెనక్కి పరిగెత్తి మూత పట్టుకున్నాడు. పొయ్యిమీది పెనంలా కాలుతోంది. వేళ్లు చురుక్కుమన్నా వదలకుండా మూడుసార్లు తిప్పి లాగితే, బురదలో పడి చుయ్‌మంది. అక్కణ్ణుంచి లోపలికి దూకి హీటరు ఆపి, తలుపు బార్లా తీసి, పడకమీది పాపను ఎత్తుకున్నాడు. పాప తల అతని భుజం మీద వాలిపోయింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అతను బుగ్గ తట్టాడు, ఊపాడు, లేమ్మా, లేమ్మా, నీకు దండం పెడతాను లేమ్మా అన్నాడు. వాననీళ్లు అరచేత్తో పట్టి మొహం మీద చల్లాడు. ఆ కాసేపట్లో అతను తన ఆయుష్షంతా ఇస్తానని మొక్కుకున్నాడు.

పాప మొహం చిట్లించింది. ఒక కన్ను తెరిచి అతన్ని చూసింది, తర్వాత కిందికి అతని కాళ్లకేసి చూసింది.

"తాతా, చెప్పులు విప్పలేదు," అంది నిద్రగొంతుతో. "ఒకటో నంబరు."

వడ్రంగి అక్కడే గడపమీద కూలబడి, పాపను వదలకుండానే, వెక్కి వెక్కి ఏడ్చాడు.

టీచరమ్మ హడలిపోయింది. చెక్క తడిసినందుకే ఏడుస్తున్నాడనుకుంది పాపం. బాగుచేయిస్తామండీ, అంత తడవలేదండీ అంటూ కొంగుతో కిటికీ తుడవబోయింది. నిదానం ఆవిడ వెనక నిలబడి బావకు కళ్లతో సైగ చేశాడు. గండం గడిచింది కదా, ఊరుకో అని. ఊరుకుంటే నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు. వడ్రంగి మొహం తుడుచుకుని పాపను వానలోకి, గాలిలోకి తీసుకొచ్చి, అందరినీ దింపి, మూత సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు. దారిలో వచ్చిన సిగ్గులేని ఆలోచన కూడా దాచలేదు.

టీచరమ్మ కేకలేస్తుందనుకున్నాడు. ఆవిడ వచ్చి పాపను అతని చేతుల్లోంచి తీసుకుంది. భుజాన వేసుకుని అడిగింది.

"నలభై ఒకటి రాశారు. ఇదెందుకు రాయలేదు?"

"అది నా చేతికి తెలుసమ్మా. నాకు తెలీదు."

"అమ్మ కిటికీ తీస్తే నేను రెండుసార్లు మూసేశాను. మీరు బాధపడతారని." ఆవిడ పాపను ఇంకా దగ్గరికి హత్తుకుంది. "ఆ నలభై ఒకటిలో మాకోసం రాసింది ఒక్కటైనా ఉందా?"

వడ్రంగి ఒకటో నంబరు నుంచి మనసులో చదువుకుంటూ పోయాడు. బల్లకోసం ఉంది, పరుపుకోసం ఉంది, తొట్టికోసం ఉంది. నలభై ఒకటి దాకా పోయి తల దించుకున్నాడు. పెద్దావిడ కూతురి చెయ్యి పట్టుకుని, వచ్చి చెప్పాడు కదే, ఇక చాల్లే అంది. ఆవిడ ఇంకా తలకు చెయ్యి ఆనించుకునే ఉంది.

నిదానం ముగ్గురినీ ట్రక్కులో ఎక్కించుకుని దగ్గరి ఊరికి తీసుకెళ్లాడు. ఈసారి నిదానంగానే నడిపాడు. డాక్టరు చూసి, పాపకు బాగానే ఉందనీ, పెద్దావిణ్ణి ఒక రోజు కనిపెట్టుకుని ఉండమనీ, ఇంకో గంట ఆలస్యమైతే తన అవసరం ఉండేది కాదనీ చెప్పాడు. టీచరమ్మ మళ్లీ ఆ బండి మొహం చూడలేదు. సామాను నిదానమే చేర్చాడు.

వడ్రంగి మర్నాడు పొద్దున బండి ఇంటికి తెచ్చాడు, దారంతా వాన, కిటికీ తెరిచే ఉంచాడు. టేకైనా ఎంతని ఓర్చుకుంటుంది? చట్రం ఉబ్బింది. ఎంత తోసినా కిటికీ పూర్తిగా మూతపడటం లేదు. తలుపుమీది జాబితా నాలుగు మరలూ విప్పి తెచ్చి మిషన్ పక్కన పెట్టాడు. కొత్తది రాస్తారా అని భార్య అడిగితే, నేను రాయను, నువ్వు నా వెనకే తిరిగి నా చెయ్యి ఏం చేస్తుందో చూసి నువ్వే రాయి అన్నాడు. కొత్త జాబితాలో ఒకటో నంబరు ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ జాబితా పూర్తయ్యేదాకా బండి ఎవరికీ ఇచ్చేది లేదన్నాడు.

ఆదివారం చిత్రిక తీసుకుని కిటికీ దగ్గరికెళ్లాడు. రెండు పొరలు లేపితే చాలు, పని అయిపోతుంది. చట్రం మీద చెయ్యి వేసి, పెద్దావిడ శాలువా పరిచిన చోటును తడిమాడు. భార్య టీ తెచ్చి, చిత్రిక పట్టలేదేం అని అడిగింది.

"ఉండనీ," అన్నాడు.

చిత్రిక తీసుకెళ్లి పెట్టెలో పెట్టేశాడు. ఆ కిటికీ ఇప్పటికీ వేలెడు సందు ఉండగానే ఆగిపోతుంది.