లోపలి నుంచి తెరుచుకునే తలుపు

లక్ష్మణసామి బండి వెనుక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. పిడి లాగాడు. తెరుచుకుంది. సీటు మీద జరిగి అటువైపు తలుపు కూడా అలాగే వేసి, తీసి చూశాడు. ఆ తరువాతే దిగి బకెట్లో గుడ్డ ముంచాడు.

విరుదునగర్‌లోని మహిళా సహాయ కేంద్రంలో అతను ఏడేళ్లుగా డ్రైవరు. కోవిల్‌పట్టిలో ఆరు గంటల బస్సెక్కి ఎనిమిదిలోపే ఇక్కడ ఉంటాడు. యాభై ఏడేళ్ల మనిషి. పొట్టి, కాస్త వంగిన మెడ. ముప్పై ఏళ్లు కిటికీ మీద ఆనించి ఎండలో నడిపినందువల్ల కుడి మోచేయి ఎడమదానికన్నా నల్లగా ఉంటుంది. దెబ్బలు తిన్నవాళ్లను ఆస్పత్రికి, వాంగ్మూలం ఇవ్వాల్సినవాళ్లను కోర్టుకు, దిక్కులేనివాళ్లను హాస్టలుకు చేర్చడం అతని పని. దారిలో ఎవరినీ ఏమీ అడగడు. వెనుక కూర్చున్నవాళ్ల ముఖాలు కనపడకుండా అద్దాన్ని కాస్త పైకి తిప్పి పెడతాడు. రోజూ ఆ తలుపులు ఎందుకు చూస్తారని కౌన్సిలరు జోతి ఒకసారి అడిగితే, "పాత బండి కదమ్మా" అన్నాడు. బండి కొని అప్పటికి రెండేళ్లే.

ఆ రోజు పది గంటలకు కార్తిక తండ్రి వచ్చాడు.

కార్తికకు ఇరవై ఒకటి. సాత్తూరు దగ్గర నూలు మిల్లులో పని. తూత్తుకుడి హార్బరులో పనిచేసే పాండీశ్వరన్‌ను రిజిస్టరు పెళ్లి చేసుకుంది. అతనిది వేరే కులం. మూడో రోజున ఆమె చిన్నాయనలిద్దరూ మిల్లు గేటు దగ్గర ఆమెను కొట్టి కారులోకి తొయ్యబోతే పనివాళ్లు అడ్డుపడ్డారు. పోలీసులు తెచ్చి ఇక్కడ అప్పగించారు. నాలుగు రోజులైంది. ఎడమ కంటి కింద వాపు తగ్గి పసుపుపచ్చగా మారింది. ఆ సాయంత్రమే ఆమెను తూత్తుకుడిలో భర్త దగ్గరికి చేర్చాలి.

ఒక్కసారి మాట్లాడి పోతానని తండ్రి పెరుమాళ్సామి బతిమాలాడు. కార్తిక సరేనంది. తమిళనాట తరాలుగా ఉన్నా, లక్ష్మణసామిది లాగే వాళ్ల ఇంటి మాట కూడా తెలుగే. జోతి పక్కనే కూర్చుంది గాని, ఆమెకు తెలుగు రాదు.

"మీ అమ్మ నాలుగు దినాలుగా అన్నం ముట్టలే పాప," అంటున్నాడు ఆయన. తుండుతో కళ్లు ఒత్తుకున్నాడు. "జరిగింది జరిగిపోయ. ఇంటికి రా. మేమే ఊరిని పిలిచి పెండ్లి చేస్తాము. నీ మీద ఒక్క చెయ్యి పడదు. నేనుండాను కదా."

వరండాలో నీళ్లు పట్టుకుంటున్న లక్ష్మణసామి చేతిలో సీసా నిండి పొర్లింది. అతను కుళాయి కట్టెయ్యలేదు. ఆ మాటలు ఇదివరకు విన్నాడు. ఇదే వరుసలో.

పన్నెండేళ్ల కిందట కోవిల్‌పట్టిలో అతనికి అద్దెలకు తిప్పే కారు ఉండేది. ఎట్టయాపురం దారిలోని ఒక నల్లరేగడి ఊరి పెద్దమనిషి దాన్ని మాట్లాడుకున్నాడు. మదురైలో తను కోరుకున్నవాడితో కాపురముంటున్న కూతుర్ని ఇంటికి తేవాలి. తండ్రి ఇవే మాటలు చెప్పి ఏడ్చినా ఆ పిల్ల కారెక్కడానికి జంకింది. లక్ష్మణసామే ముందుకెళ్లి, "మనవాండ్లమే కదా పాప, బయపడొద్దు, ఎక్కు" అన్నాడు. పరాయి ఊళ్లో ఇంటి మాట వినగానే ఆమె ముఖం తేటపడింది. ఎక్కి కూర్చుంది. లోపలి నుంచి తెరుచుకోకుండా చైల్డ్ లాక్ వెయ్యమని తండ్రి అతని చెవిలో చెప్పాడు. వేశాడు.

ఊరి దగ్గర కారును ఇంటికి కాకుండా తోటవైపు తిప్పమన్నాడు తండ్రి. అప్పుడు వినిపించింది వెనుక నుంచి, పిడి లాగిన చప్పుడు. టక్. మళ్లీ టక్. అతను తిరిగి చూడలేదు.

మూడో రోజు ఆ పిల్ల కడుపునొప్పితో పోయిందని ఊళ్లో చెప్పారు. శవాన్ని అప్పటికే కాల్చేశారు. పోలీసులు వచ్చి అడిగితే, "అద్దెకు పోయాను, దించాను, నాకేం తెలియదు సారూ" అన్నాడు. ఆ నెలలోనే కారు అమ్మేశాడు. అయినా అన్నం తింటున్నప్పుడు, బస్సులో కునుకు పట్టినప్పుడు, ఎక్కడో తలుపు వేస్తే చాలు, ఆ చప్పుడు.

లోపల కార్తిక వెక్కుతూ జోతితో తమిళంలో అంది. "మేడం, నేను ఇంటికే పోతాను."

జోతి ముఖం వాడిపోయింది. మేజరు పిల్ల పోతానంటే ఆపే హక్కు ఎవరికీ లేదు. ఇష్టంతోనే పోతోందని రాసే కాగితం మెల్లగా తీసింది.

లక్ష్మణసామి గుమ్మంలోకి వచ్చాడు. ఏడేళ్లలో ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. "పాప, ఒక నిమిసం."

పెరుమాళ్సామి తలెత్తాడు. ఆయన ముఖం విప్పారింది. "మనవాడివా అన్నా? అట్లైతే నువ్వే చెప్పు దీనికి. కన్నతండ్రితో పోయేదానికి బయమేందని."

"చెప్తాను."

నిలబడే చెప్పాడు. తల వంచుకుని, కాసేపు తెలుగులో, కాసేపు తమిళంలో. జోతి రాయడం ఆపేసింది. తలుపు సంగతి వచ్చేసరికి పిడి లాగినట్టు చేత్తో చూపించాడు.

"ఆ నాయన కూడా ఇట్లే ఏడ్చినాడు పాప. దొంగ ఏడుపు కాదు. నా పక్క సీట్లో కూర్చోని దారంతా ఏడుస్తానే ఉండె. అయినా జరిగిపోయ."

"నేను అట్లాంటోణ్ణా?" పెరుమాళ్సామి కూతురి వైపు జరిగాడు. "నేనా పాప?"

కార్తిక తండ్రి వైపు తిరిగింది. "నాయనా, చిన్నాయనలు యాడుండారు ఇప్పుడు?"

ఆయన చూపు కిటికీ వైపు పోయింది. గేటు బయట ఒక కారు, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"ఊరికే... తోడు వచ్చినారు," అన్నాడు.

"నేను రాలేను నాయనా. అమ్మను తినమని చెప్పు."

పెరుమాళ్సామి లేచి తుండు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి లక్ష్మణసామిని ఎగాదిగా చూశాడు. "నీది ఏ ఊరు?"

"కోవిల్‌పట్టి."

"సరి," అని వెళ్లిపోయాడు.

రెండు గంటలకు బయలుదేరారు. ముందు జోతి, వెనుక కార్తిక, ఆమె పక్కన మహిళా కానిస్టేబులు. కార్తిక ఎక్కగానే తలుపు తనే వేసుకుని, లోపలి నుంచి తీసి చూసుకుంది. లక్ష్మణసామి అటు చూడనట్టు నిలబడ్డాడు. బండి సాత్తూరు దాటింది, కోవిల్‌పట్టి దాటింది. ఎట్టయాపురం దారిలో రెండువైపులా మినుము చేలు, పొడి నేల నెర్రెలు. ఒక మలుపు దగ్గర బండి వేగం దానంతటదే తగ్గింది.

"ఇదేనా మామా ఆ ఊరు?" అడిగింది కార్తిక.

అతను తల ఊపాడు.

"ఆ యక్క పేరేమి?"

పన్నెండేళ్లుగా ఆ పేరు అతని నోట రాలేదు. "దేవిప్రియ."

వెనుక నుంచి కార్తిక ఆ పేరును ఒకసారి మెల్లగా అనుకుంది.

తూత్తుకుడిలో జిల్లా పోలీసు ఆఫీసు ముందు ఉప్పుగాలిలో పాండీశ్వరన్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక్క సంచి. సంతకాలు పావుగంటలో అయిపోయాయి. ఏ ఊరు పోతున్నదీ వాళ్లు చెప్పలేదు, జోతి అడగలేదు. "పొయ్యొస్తాను మామా" అంది కార్తిక. ఇద్దరూ ఆటో ఎక్కారు. అది సందు తిరిగింది. అంతే.

జోతి అతని పక్కకు వచ్చి నిలబడింది. "అన్నా, పొద్దున చెప్పింది రాసిస్తారా? మీ మీద కూడా కేసు పడవచ్చు. ఆ ఊరివాళ్లు ఊరుకోకపోవచ్చు."

"ఆ తలుపు లాక్ వేసింది నేనే కదమ్మా," అన్నాడు తమిళంలో.

"రేపు వకీలును పిలిపిస్తాను."

"రేపైతే నాకు నోరు రాదమ్మా."

బండి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చొక్కా గుండీ పెట్టుకుని, పోలీసు ఆఫీసు మెట్లెక్కాడు. చీకటిగా ఉన్న వసారాలో ఎవరినో అడుగుతూ లోపలికి వెళ్లిపోయాడు.

జోతి బండి దగ్గరికి వచ్చి వెనుక తలుపు తీసింది. సీటు మడతలో, ఇంటివాళ్లకు జాడ దొరకకుండా కార్తిక తన ఫోనులోంచి తీసి వదిలేసిన సిమ్ కార్డు, గోరంత, వాళ్లమ్మ నంబరుతో సహా.