అర్హత అనే గడి

కూర దించి, చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వచ్చాను. మా ఆయన సురేంద్రబాబు చెప్పులేసుకుంటూ ఒక చేతిరాత కాగితం నా టైపు మెషీన్ మీద పడేశాడు.

"నెల్లూరు బస్సుకి పోతుండా. ఇది కొట్టి పోస్టులో వెయ్. సంతకం పెట్టిన లెటర్‌హెడ్లు సొరుగులో ఉండాయి. నువ్వు కొడితే చూసే పనేముండాది?"

పన్నెండేళ్లలో ఆయన నోట విన్న మెచ్చుకోలు అదొక్కటే.

హైదరాబాదులో ఏదో కమిటీ వేశారు. దేశంలోని చదువుల్నీ చేతిపనుల్నీ ఒకే మెట్ల వరసలో పెడతారంట. ఏ సర్టిఫికెట్ ఏ మెట్టో తేలుస్తారంట. పనిచేస్తూ నేర్చుకున్నవాళ్లని కూడా పరీక్షించి ఒక మెట్టు మీద నిలబెట్టొచ్చా అని టైపు ఇన్‌స్టిట్యూట్లని అడిగారు. మా ఆయన జవాబు: "కాగితం లేనివారిని కాగితం ఉన్నవారి పక్కన నిలబెడితే అర్హతకు విలువ పోతుంది. కూడదు."

ఆ 'కూడదు' నేను కొట్టాలి.

ఆత్మకూరు బస్టాండు వెనక మా ఇల్లు. ముందుగదే ఇన్‌స్టిట్యూట్, ఆరు మెషీన్లు. గోడకి అద్దం కట్టిన టైపు హయ్యర్ పరీక్ష సర్టిఫికెట్ ఆయనది. దానికింద కూర్చుని పేపరు చదవడం ఆయన పని. ఆరింటికి తాళం తీసేది నేను. రిబ్బను మార్చేది నేను. పిల్లల వేళ్ల మీద గుడ్డ కప్పి, అక్షరం చూడకుండా కొట్టించేది నేను. ఆయన వేళ్లు మెషీన్‌ని తాకి తొమ్మిదేళ్లయింది. అయినా ఆయన సార్, నేను అక్క. ఉదయగిరి నించి టెన్త్ పాసై ఈ ఇంటికొచ్చాను. టైపు నేర్చుకుంది ఈ మెషీన్ల మీదే. పరీక్షకి కూర్చుంటానంటే ఆయన, "ఒక బండికి ఇద్దరు డ్రైవర్లెందుకే?" అన్నాడు. అత్త ప్రమీలమ్మ, "పరీక్ష నాడు కూడెవరు వండేది?" అంది. మూడేళ్లు అడిగాను. తర్వాత మానేశాను. మానేసిన తప్పు నాదే, దాన్ని ఎవరి మీదా తొయ్యను.

పోయిన నెల చేజర్ల జెస్సికా వచ్చింది. నా దగ్గర నేర్చుకున్న పిల్ల. కాలేజీలో టైపు నేర్పే ఉద్యోగం వచ్చిందని చక్కెర నా నోట్లో పోసింది.

"నువ్వెందుకు పెట్టలేదక్కా?"

"అప్లికేషన్‌లో అర్హత అని ఒక గడి ఉంటాది కదమ్మా."

"సార్‌ది రాసేసుండొచ్చు కదా!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల గడప దాటాక ఎంతసేపటికీ నా చేతులు పని మీదికి రాలేదు.

సొరుగు తీశాను. ఖాళీ కాగితాల అడుగున ఆయన సంతకాలు. 'పోతుంది, కూడదు' తీసి 'పెరుగుతుంది, చేయవలసిందే' అని కొడితే చాలు. ఆయన చూడడు. అర్హత ఉన్నవాడి మాట గనక కమిటీ వింటుంది. కాగితం ఎక్కించాను. రోలరు తిప్పాను. వేళ్లు ఆగిపోయాయి. నా మాట కూడా ఆయన సంతకం కిందికేనా?

ఆయన రాసింది రాసినట్టే కొట్టాను. ఒక్క తప్పు లేదు. తర్వాత ఒక తెల్లకాగితం ఎక్కించాను. "ఎక్కడ నేర్చుకున్నారని కాదు, పని వచ్చా రాదా అని చూడండి. నన్ను పిలిపించి మెషీన్ ముందు కూర్చోబెట్టండి" అని కొట్టాను.

"ఇంకెంతసేపే? ఆ టకటక ఆపి కూడు పెట్టు!" లోపల్నించి అత్త.

"పెట్టుకుని తినండత్తా."

ఈ ఇంట్లో నేనా మాట అనడం అదే మొదలు.

ఈ కాగితం కమిటీకి చేరితే ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు పోవచ్చు. ఆరు మెషీన్ల మీద గుడ్డ కప్పాల్సి రావచ్చు. ఆయన ఏమంటాడో, ఏం చేస్తాడో తెలుసు. అయినా కాగితం అడుగున, అప్లికేషన్‌లో ఉన్నట్టే, రెండు గడులు కొట్టాను.

పేరు: సుకుమారి.

అర్హత: "జతచేసిన అభిప్రాయం రాసినవారి సంస్థలో తొమ్మిదేళ్లుగా నేర్పుతున్నది నేను. వారు కాదు."

సంతకం చేసి, రెండు కాగితాలూ ఒకే కవరులో పెట్టి అంటించాను.