దూజా నేలతొట్టి

మధ్యాహ్నం క్వారీలో మందు పేల్చారు. కొండ దిగువన దూజా వాకిట్లో వాననీళ్ళ నేలతొట్టి నిలువునా పగిలింది. అక్కడ వానలు పడే చలికాలమంతా పట్టుకున్న నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయాయి. దూజా గొల్లుమంది. పక్కింటి మబ్రూకాకు మాత్రం కడుపు చల్లబడింది.

నాలుగేళ్ళ కిందట ఇలాంటి పేలుడుకే తన తొట్టి పగిలినప్పుడు క్వారీ కాంట్రాక్టరు, "బాగు చేయిస్తాం, కోర్టులెందుకక్కా" అని నమ్మబలికాడు. నష్టం తెలిసిన మూడేళ్ళలోపే దావా వేయాలట. ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది. తొట్టి పోయిననాటి నుంచీ మబ్రూకాకు దూజా తొట్టి నీళ్ళే గతి. దూజా ఏనాడూ ఒక్క మాట అనలేదు, అందుకే మబ్రూకాకు ఇంకా మండేది. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసి కుళ్ళుకుంటూ కూర్చుంటే కాంట్రాక్టరుకు అంతకంటే ఏం కావాలి!

మర్నాడు ఊరంతా క్వారీ దారిలో బైఠాయించింది. కాంట్రాక్టరు లాయరు కారు దిగాడు.

"దూజా తొట్టీ నాలుగేళ్ళనాడే బీటలిచ్చింది. గడువు చెల్లింది. లేవండి, లారీలు పోవాలి."

"నిన్నటిదాకా నిండుగా ఉందయ్యా!" అంది దూజా.

"చూసినోళ్ళెవరు?"

పరాయి తొట్టిలోకి తొంగిచూస్తే దిష్టి తగులుతుందని, ఆ ఊళ్ళో మొహం తిప్పుకునే నీళ్ళు తోడతారు. మబ్రూకా చూసింది, రోజూ చూసింది. ఇప్పుడా మాట చెబితే నష్టపరిహారం దూజాకు, దిష్టికళ్ళదన్న పేరు తనకు. దీనికెందుకు దక్కాలని లోపల భగ్గుమంది.

లాయరు ఆమె వైపు చూసి నవ్వాడు. "ఈమెను చూసి నేర్చుకోండి. తొట్టి పోయినా నోరెత్తలేదు, బుద్ధిమంతురాలు."

ఆ మాటకు ఒళ్ళు మండి మబ్రూకా లేచింది.

"నేను చూశాన్రా! కుళ్ళి చస్తూ రోజూ తొంగిచూశా. నిన్న పొద్దుటి దాకా ఒక్క బీట లేదు. గాబెస్ పట్నం కోర్టులో జడ్జి ముందూ ఇదే చెబుతా!"

"విన్నారుగా, ఈమె దిష్టికే పగిలింది!" అన్నాడు లాయరు.

"దీని దిష్టికి పగిలేదైతే నాలుగేళ్ళ కిందటే పగిలేది!" అని దూజా అరిచింది. జనం గొల్లున నవ్వారు.

"నేనూ చూశా," అంది వెనకాల ఓ ముసలమ్మ, తల వంచుకుని. "నేనూ," అంది ఇంకొకామె. చూడని ఆడది ఆ ఊళ్ళో లేదని ఆ రోజే తెలిసింది.

లారీలు కదల్లేదు. పోలీసులు వచ్చి, జనాన్ని రెచ్చగొట్టి లారీలు ఆపించిందని మబ్రూకాను వ్యాను ఎక్కించారు. దూజా తన తమ్ముడు రాయించి తెచ్చిన దావా కాగితాల మీద వేలిముద్ర వేసి, వాటిని అతని చేతిలోనే పెట్టి, పరుగున వచ్చి తనూ ఎక్కేసింది.

"నువ్వెందుకే?" అంది మబ్రూకా.

"నువ్వొక్కదానివే జైలుకు పోయి పేరు కొట్టేద్దామనా? జరుగు!"

వాళ్ళ వెనక ముసలమ్మ కూడా మెట్టు మీద కాలు పెట్టింది.